ఐదున్నర లక్షల గేమింగ్ పీసీ కొనాలా వద్దా? (చెన్నై)

ప్రశ్న (పెరుంగుడి నుంచి):
అన్నలూ, రిచీ స్ట్రీట్‌లో ఒక షాపులో ఇచ్చిన కొటేషన్ ఇది. ప్రాసెసర్ రైజెన్ 9 9950ఎక్స్‌3డీ, ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ 64 జీబీ (16 జీబీవి నాలుగు స్టిక్కులు), జెన్ 5 ఎస్‌ఎస్‌డీ 2 టీబీ, 360 మి.మీ. లిక్విడ్ కూలర్, 1000 వాట్ల పవర్ సప్లై. మొత్తం ఐదున్నర లక్షలు దాటింది. ఆడేది ఎక్కువగా వాలొరెంట్, సీఎస్ 2 (రెండూ షూటింగ్ గేములే). వారాంతంలో పెద్ద స్టోరీ గేములు. మానిటర్ ఉన్నదే: 24 అంగుళాలు, 1080పీ, 144 హెర్ట్జ్. అద్దె ఇల్లు, పది బై పదకొండు అడుగుల గది, 1 టన్ను ఏసీ. ఇంత పెడితే ఆరేళ్లు వెనక్కి తిరిగి చూడక్కర్లేదంటున్నారు. నిజమేనా?

మాంబళం మాస్టారు:
మానిటర్ మార్చకుండా ఆ కార్డు తీసుకోవద్దు తమ్ముడూ. గోటితో పోయేదానికి గొడ్డలి అది. లెక్క చూడు. 1080పీ అంటే ఒక ఫ్రేముకి (తెర మీద ఒక బొమ్మకి) 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీ అంటే 36.9 లక్షలు, 4కే అంటే 82.9 లక్షలు. 5090 చేసినది 4కే కోసం. 1080పీలో వాలొరెంట్ నడుపుతుంటే కార్డు సగం ఖాళీగా కూర్చుంటుంది, పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

ఇప్పుడున్న పీసీలోనే పరీక్ష చేసుకో. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో జీపీయూ (కార్డులోని చిప్) వాడకం తెర మీద కనపడేలా పెట్టు. ఫ్రేముల వేగాన్ని ఆపే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ తీసేసి పది నిమిషాలు ఆడు. 95 శాతం పైన నిలబడితే కార్డు చాలట్లేదని అర్థం. 60, 70 దగ్గర ఊగుతుంటే ప్రాసెసర్ చాలట్లేదు. అనుమానం తీరకపోతే రిజల్యూషన్ 720పీకి దించు. ఫ్రేములు పెరగలేదంటే కొత్త కార్డు వేసినా పెరగవు.

144 హెర్ట్జ్ తెర సెకనుకు 144 బొమ్మలే చూపిస్తుంది. 400 ఫ్రేములు వస్తే మౌస్ స్పందనలో కాస్త తేడా ఉంటుంది, కంటికి మాత్రం 144 పైన ఏమీ రాదు. ముందు 27 అంగుళాల 1440పీ, 240 హెర్ట్జ్ మానిటర్ కొను. ఒక్కో ఫ్రేముకి 6.9 మిల్లీసెకన్లు పట్టేది 4.2కి దిగుతుంది. తేడా మొదటి రోజే తెలుస్తుంది.

తిరువాన్మియూర్ తెలుగోడు:
"ఆరేళ్లు" అన్న మాట మీద నాలుగు ముక్కలు. 2020 సెప్టెంబరులో ఎన్‌విడియా అప్పటి పై కార్డు 3090ని 1499 డాలర్లకు తెచ్చారు. 2023 జనవరిలో 799 డాలర్ల 4070 టీఐ వేగంలో దాని పక్కన నిలబడింది. రెండున్నరేళ్లు తిరక్కుండా పై కార్డు విలువ అలా దిగుతుంది. మనదేశంలో ఎన్‌విడియా ప్రకటించిన ప్రారంభ ధరలు చూసినా 5090కి 2,14,000, 5080కి 1,07,000, 5070 టీఐకి 80,000 రూపాయలు. షాపులో ఇంకా ఎక్కువే చెబుతారు. 4కేలో 5080 కన్నా 5090 ఇచ్చేది సుమారు సగం ఎక్కువ, ధర మాత్రం రెట్టింపు. ఇప్పుడు 5070 టీఐ వేసుకుని, మూడేళ్ల తర్వాత దాన్ని అమ్మి అప్పటి కార్డు కొన్నా మొత్తం ఖర్చు 5090 కన్నా తక్కువే తేలుతుంది.

షాపువాళ్లు 300 ఫ్రేములు వస్తాయని చూపిస్తే అందులో ఫ్రేమ్ జనరేషన్ ఎంతో అడగండి. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో ఒక అసలు ఫ్రేముకి మూడు, అంతకన్నా ఎక్కువ ఫ్రేములు కూడా కల్పించి చూపిస్తుంది. తెర మీద కదలిక నున్నగా ఉంటుంది, కానీ చేతికి మాత్రం అసలు ఫ్రేముల వేగమే తెలుస్తుంది. అసలు 40 ఉండి 160 చూపిస్తే గురి పెట్టడం 40 లాగే ఉంటుంది. షూటింగ్ గేములకి అది పనికిరాదు.

బ్లెండర్ బాబు:
5090ని మరీ అంత తీసిపారెయ్యకండి మాస్టారూ. దానికున్న 32 జీబీ మెమరీకి గేమింగ్ కార్డుల్లో సాటి లేదు. 30 బిలియన్ల పరామితుల ఏఐ భాషా నమూనాని 4 బిట్లకి కుదించినా 18, 20 జీబీ తింటుంది, 16 జీబీ కార్డులో పట్టదు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద సీన్లు రెండర్ చేసేవాళ్లకి గంటలు మిగులుతాయి. ఆ పని మీద డబ్బు వచ్చేవాళ్లు జీఎస్‌టీ క్రెడిట్ తీసుకోవచ్చు, ఆదాయపు పన్నులో కంప్యూటర్‌కి 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. వాళ్ల లెక్క వేరు. వాలొరెంట్‌కి మాత్రం వద్దు, ఒప్పుకుంటా.

ఆవడి వైర్‌మ్యాన్:
ఎవరూ వేడి సంగతి ఎత్తలేదు. 5090 ఒక్కటే 575 వాట్లు. ప్రాసెసర్, ఫ్యాన్లు, మానిటర్ కలిపితే పెద్ద గేములో దాదాపు 800. ఆ 800 వాట్లూ వేడై గదిలోకే వస్తాయి. లిక్విడ్ కూలర్ వేడిని పీసీలోంచి గదిలోకి తోస్తుందే తప్ప మాయం చెయ్యదు. 1 టన్ను ఏసీ లాగగలిగేది 3500 వాట్ల వేడి, కత్తిరి (మే నెల) ఎండల్లో అంత కూడా లాగలేదు. అంటే ఏసీ బలంలో పావు వంతు పీసీకే సరి. మధ్యాహ్నం తలుపు మూసి ఆడితే ఏసీ కంప్రెసర్ ఆగదు.

బిల్లు కూడా చూడు. రోజుకి 4 గంటలంటే 3.2 యూనిట్లు, రెండు నెలల బిల్లులో 192, ఏసీది అదనం. మన దగ్గర రెండు నెలలకి 500 యూనిట్లు దాటితే కింది స్లాబు రేటు కూడా మారిపోతుంది. ఇప్పటికే 350 దాకా వచ్చే ఇల్లయితే ఆలోచించు.

అప్పటికీ 5090నే కొంటే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించు. 460 వాట్లకి దిగుతుంది, ఫ్రేముల్లో పోయేది ఐదు శాతం అటూ ఇటూ.

ఆ కార్డు కరెంటు ప్లగ్గు జాగ్రత్త. 575 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 48 ఆంపియర్లు. ఆరు పిన్నులు పంచుకుంటే తలా 8. పిన్ను తట్టుకునేది 9.5. ఒక్కటి సరిగ్గా తగలకపోతే దాని వాటా మిగతావాటి మీద పడి ప్లాస్టిక్ కరుగుతుంది. టిక్కుమని కూర్చునేదాకా నొక్కాలి, ప్లగ్గు మొదట్లో 35 మి.మీ. వరకు తీగ వంచకూడదు. 5070 టీఐ 300 వాట్లే కాబట్టి ఈ బెంగ చాలావరకు ఉండదు.

తిరువాన్మియూర్ తెలుగోడు:
కొటేషన్‌లో ఇంకో రెండు తప్పులున్నాయి. 9950ఎక్స్‌3డీలో 16 కోర్లున్నా అదనపు క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) 8 కోర్ల ముక్క మీదే ఉంటుంది, గేములు నడిచేదీ దాని మీదే. 9800ఎక్స్‌3డీ వేస్తే గేముల్లో అదే ఫలితం. రెండోది నాలుగు స్టిక్కులు. ఏఎం5 (ఈ ప్రాసెసర్లు కూర్చునే సాకెట్) బోర్డులో నాలుగూ పెడితే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600కి పడిపోతుంది. 16 జీబీవి రెండు, 6000 వేగం, సీఎల్ 30 (స్పందన ఆలస్యం చెప్పే అంకె) చాలు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, 64 అనవసరం. జెన్ 5 ఎస్‌ఎస్‌డీ కూడా అంతే, గేము తెరుచుకోవడంలో జెన్ 4తో తేడా తెలియదు.

మొదటిసారి ఆన్ చేశాక ర్యామ్ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌ని సరిచూసుకోవడం) కోసం కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉంటుంది, కంగారుపడి స్విచ్ ఆపొద్దు. తర్వాత బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చెయ్యి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ వేగం 4800 చూపిస్తుంటే ఎవరూ ఆన్ చెయ్యలేదని లెక్క. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ మీదే ఉండిపోయిందేమో కూడా చూడు.

షాపులోనే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఆర్‌ఓపీల (కార్డు చిప్‌లో పిక్సెళ్లు తేల్చే భాగాలు) సంఖ్య చూడు. 5090కి 176, 5080కి 112, 5070 టీఐకి 96 ఉండాలి. 2025 ఫిబ్రవరిలో ఎనిమిది తక్కువతో కొన్ని కార్డులు బయటికి వచ్చాయని ఎన్‌విడియానే ఒప్పుకుంది. బిల్లు మీద జీఎస్‌టీ, కార్డు సీరియల్ నంబరు రెండూ రాయించుకో, డబ్బా మీద నంబరుతో సరిపోవాలి. ఇంటికి ఆటోలో తెస్తే కార్డు విప్పి విడిగా తీసుకెళ్లు. రెండు కిలోల బరువు స్లాటులో వేలాడుతూ ఓఎంఆర్ స్పీడ్ బ్రేకర్లు ఎక్కితే బోర్డు చీలుతుంది.

ప్రశ్న వేసినవారు:
అందరికీ థాంక్స్ అన్నా. 5070 టీఐ, 9800ఎక్స్‌3డీ, 32 జీబీ, 850 వాట్ల సప్లై, కొత్త మానిటర్‌కి దిగాను. రెండు డౌట్లు. 600 వీఏ యూపీఎస్ ఉంది, సరిపోతుందా? పాత పీసీ క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోంది, కొత్తదానికీ వస్తుందా?

ఆవడి వైర్‌మ్యాన్:
600 వీఏ అంటే అసలు బలం 360 వాట్లే. నీ కొత్త పీసీ గేములో 450 దాకా లాగుతుంది, కరెంటు పోయిన క్షణమే యూపీఎస్ కూడా పడిపోతుంది. 600 వాట్లు అని రాసి ఉన్న ప్యూర్ సైన్ వేవ్‌ది (గోడ కరెంటు లాంటి నున్నటి అల ఇచ్చేది) తీసుకో. సేవ్ చేసి ఆపడానికి ఐదు నిమిషాలు వస్తే చాలు.

షాక్ వస్తోందంటే ఎర్త్ లేనట్టే. పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని క్యాబినెట్ మీద 115 వోల్టుల దాకా తేలుతుంది. కొత్త పీసీ పెట్టినా పోదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్‌లో మూడు కొలతలు తీయించు: ఫేజ్-న్యూట్రల్ 230, ఫేజ్-ఎర్త్ దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ 3 వోల్టుల లోపు. మీటర్ కొలత ఒక్కటే నమ్మొద్దు, సన్నటి తీగ పోగు తగిలినా మీటర్ 230 చూపిస్తుంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టి చూడమను. నిండుగా వెలగాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉంటే వెలక్కుండా ట్రిప్ అవుతుంది, అదీ మంచిదే, ఎర్త్ ఉందన్నమాట. బల్బు మసగ్గా వెలిగినా, అసలు వెలక్కపోయినా ఓనర్‌తో మాట్లాడి ఎర్త్ వేయించు. కొందరు సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేసి అయిపోయిందంటారు, ఒప్పుకోవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ ఊడితే క్యాబినెట్ మీదకి నేరుగా 230 వస్తుంది.