కుర్దుల జెండాలోని ‘రోజ్’: తెలుగులో రోజు అనాలా, పొద్దు అనాలా?

ప్రశ్న: పశ్చిమాసియాలో ఉండే కుర్దుల జెండా నడుమ ఉన్న సూర్యుణ్ణి ‘రోజ్’ అంటారు. మన ‘రోజు’ ఇదేనా? జెండా పేరు ‘ఆలాయా రెంగీన్’ని తెలుగులో ఏమనాలి?

జవాబు: కుదురు ఒకటే, వచ్చిన దారులు వేరు. వెలుగు అనే అర్థమున్న పాత ఇరానీ మాటకు కుర్దీ, పారశీక రూపాలివి. సంస్కృతంలో దీని తోబుట్టువు ‘రోచిస్సు’. పారశీకం నుంచి మన దాకా వచ్చేసరికి దినం అనే అర్థమే మిగిలింది. కుర్మాంజీ కుర్దీలో మాత్రం పగలూ రోజే, సూర్యుడూ రోజే. ‘రోజావా’ అంటే సూర్యుడు కుంకే దిక్కు, పడమర. అందుకే ‘పొద్దు’ అనండి. పొద్దు పొడిచిందంటే సూర్యుడు, పొద్దు పోవట్లేదంటే కాలం. ఇంత అచ్చంగా కుదిరే మాట దొరకడం అరుదు.

‘ఆలా’ జెండా, ‘రెంగీన్’ రంగులున్నది. నడుమ ‘యా’ కలిపే ముక్క, కోహినూర్‌లోని ‘ఇ’ లాంటిది. ‘రంగుల జెండా’ చాలు. ‘రంగురంగుల’ అంటే తోరణం గుర్తొస్తుంది.

మరొకరు: మాటతో పాటు బొమ్మ కూడా సరిగ్గా పడాలి. ఎత్తు 2 పాళ్లయితే పొడవు 3. పైన ఎరుపు, నడుమ తెలుపు, కింద ఆకుపచ్చ, మూడూ సమానం. తలకిందులు చేస్తే ఇరాన్ జెండా వరస అవుతుంది! కిరణాలతో కలిపి పొద్దు వ్యాసం జెండా ఎత్తులో సగం, కాబట్టి కొనలు ఎరుపులోకీ ఆకుపచ్చలోకీ చొరబడతాయి. తెల్లపట్టీలోనే ఇరికించకండి. కిరణాలు 21. అశోకచక్రం అలవాటుతో 24 గీసేవాళ్లున్నారు. 360ని 21తో భాగిస్తే 17.14 డిగ్రీలు. మొదటి కిరణం నిట్టనిలువుగా పైకి పెట్టి అక్కణ్ణుంచి కొలవండి. అడుగున రెండు కిరణాల మధ్య సందు రావాలి. అక్కడ కిరణమే ఉంటే లెక్క తప్పినట్టే.

ప్రశ్న: 21 ఎందుకు?

జవాబు: మార్చి 21 నౌరోజ్, అంటే వాళ్ల ఉగాది, అని ఎక్కువమంది చెబుతారు, పాత కుర్దు మత సంప్రదాయంలో పవిత్ర సంఖ్య అని కొందరు. ఎరుపు అమరుల నెత్తురు, తెలుపు శాంతి, ఆకుపచ్చ నేల పచ్చదనం. 1945 డిసెంబర్ 17న ఇరాన్‌లోని మహాబాద్‌లో జెండా ఎగరేశారు, జెండా దినం అదే. 1946 జనవరి 22న అక్కడే కుర్దు గణతంత్రం ప్రకటించారు. ఆనాటి చిహ్నంలో పొద్దుతో పాటు గోధుమ వెన్నులూ, కలమూ ఉన్నాయి. పాత ఫొటో చూసి నేటి జెండా గీయకండి. ఇరాక్‌లోని కుర్దిస్తాన్ పార్లమెంటు 1999లో చట్టం చేసింది పొద్దు మాత్రమే ఉన్నదానికి.

అన్నట్టు, నౌరోజ్‌లోని ‘నౌ’ మన ‘నవ’కు చుట్టమే. ‘కొత్త పొద్దు’ అని రాస్తే రెండు అర్థాలూ నిలుస్తాయి.