కాలేజీ పత్రిక 8 పేజీల ట్యాబ్లాయిడ్: గ్రిడ్, ఫాంట్లు, కవర్ ఎలా సెట్ చేసుకోవాలి?

క్యాంపస్ పత్రిక బృందం:

అందరికీ నమస్కారం. మా కాలేజీలో తెలుగు విద్యార్థి పత్రిక తెస్తున్నాం. ఏ3 సైజు, 8 పేజీలు, 500 కాపీలు, ఆఫ్‌సెట్ ప్రింటింగ్. మొదటి పేజీకి, చివరి పేజీకి మాత్రమే రంగులు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఒక ఇంగ్లిష్ న్యూస్‌పేపర్ టెంప్లేట్ తీసుకుని అందులో తెలుగు మ్యాటర్ పోశాం. 5 కాలమ్‌లు, బాడీ 9 పాయింట్లు, లీడింగ్ (వరుసకూ వరుసకూ మధ్య దూరం) 11. మూడు ఇబ్బందులు వచ్చాయి. వత్తులు కింది వరుసకు తగులుతున్నాయి. జస్టిఫై చేస్తే, అంటే రెండు అంచులూ సమం చేస్తే, మాటల మధ్య పెద్ద ఖాళీలు వస్తున్నాయి. కొన్నిచోట్ల వత్తు అక్షరం కింద కాకుండా పక్కన పొల్లుతో విడిగా పడుతోంది. ఈసారి హాస్టల్ మెస్‌ల మీద ప్రత్యేక సంచిక, కాబట్టి మొదటి పేజీని మామూలు వార్తల పేజీలా కాకుండా కవర్‌లా చేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

పేజినేషన్ డెస్క్:

ఆ టెంప్లేట్ పక్కన పెట్టేయండి. ఇంగ్లిష్ అక్షరం కిందికి దిగేది కొంచెమే. తెలుగులో ‘రాష్ట్రం’ అని రాస్తే ‘ష’ కింద టవత్తు, దానికి తోడు రవత్తు. పైన గుడి, ఏత్వం. ఒక్క వరుసలోనే మూడు అంతస్తులు ఉంటాయి. అందుకే తెలుగు పేజీకి కొలత లీడింగ్ దగ్గర మొదలవ్వాలి, హెడ్డింగు బాక్సు దగ్గర కాదు.

ముందు మీ మూడో సమస్య, ఎందుకంటే అది డిజైన్ తప్పు కాదు, సెట్టింగ్ తప్పు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోండి. వరుసలు పేర్చే మామూలు కంపోజర్‌కు తెలుగు అక్షరాలు కలపడం రాదు, అందుకే వత్తులు విడిపోతున్నాయి. ఒక్కో పేరాకు మార్చుకుంటూ కూర్చోకుండా పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే, జస్టిఫికేషన్ విభాగంలో పెట్టేయండి. కవర్ పని పాత ఫొటోషాప్‌లో చేస్తే అక్కడా ప్రిఫరెన్సెస్‌లో, టైప్ కింద వరల్డ్-రెడీ లేఅవుట్ ఆన్ చేయాలి. ఇన్‌డిజైన్ లేనివాళ్లకు స్క్రైబస్ 1.6 సరిపోతుంది, తెలుగును సరిగానే కలుపుతుంది. పాత 1.4 మాత్రం వద్దు.

ఇక గ్రిడ్, అంటే పేజీని కాలమ్‌లుగా విభజించే చట్రం. ఏ3 అంటే 297 × 420 మిల్లీమీటర్లు. ఇరుపక్కలా 15 మి.మీ. మార్జిన్ వదిలితే మిగిలేది 267. దాన్ని 5 కాలమ్‌లు చేసి మధ్య 5 మి.మీ. వదిలితే ఒక్కో కాలమ్ 49 మి.మీ. మాత్రమే. అందులో మూడు మాటలు పడతాయి. వాటిలో ఒకటి ‘విశ్వవిద్యాలయాల్లోనూ’ అయితే అది కింది వరుసకు జారి, పైన మిగిలిన రెండు మాటలూ చెరో చివరకు లాగుతాయి. మీరు చూస్తున్న ఖాళీలు అవే. మన మాటకు విభక్తులన్నీ అతుక్కునే వస్తాయి కాబట్టి కాలమ్ వెడల్పుగా ఉండాలి. 4 కాలమ్‌లు చేయండి. మధ్య ఖాళీ అదే 5 మి.మీ. ఉంచితే ఒక్కోటి సరిగ్గా 63 మి.మీ. వస్తుంది. వరుసకు నాలుగైదు మాటలు కూర్చుంటాయి.

బాడీ 10.5 పాయింట్లు, లీడింగ్ 14. బేస్‌లైన్ గ్రిడ్ (అక్షరాలు కూర్చునే అడ్డగీతలు) కూడా 14కే పెట్టి, బాడీ స్టైల్‌ను దానికి కట్టేయండి. పైన 17, కింద 18 మి.మీ. వదిలితే కాలమ్‌కు 78 వరుసలు పడతాయి. అంటే కాలమ్ నిండా మ్యాటరే ఉంటే సుమారు 330 మాటలు. మీ ఫాంటులో ఒకసారి పోసి లెక్క సరిచూసుకోండి. ఫొటోలు, హెడ్డింగులు సగం పేజీ తింటాయి కాబట్టి పేజీకి 650, 700 మాటలకు మించి రాయించొద్దు. ఈ లెక్క రాసేవాళ్లకు ముందే చెప్పాలి. చెప్పకపోతే 1,200 మాటలు వస్తాయి, డీటీపీ చేసేవారు వాటిని ఇరికించడానికి లీడింగ్ 12కు దించుతారు, మళ్లీ వత్తులు గుద్దుకుంటాయి. మ్యాటర్ ఎక్కువైతే కోయండి, లీడింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

జస్టిఫికేషన్‌లో వర్డ్ స్పేసింగ్ 75, 100, 150 (కనిష్ఠం, కావలసినది, గరిష్ఠం, శాతాల్లో). లెటర్ స్పేసింగ్ మూడూ సున్నా. గ్లిఫ్ స్కేలింగ్ (అక్షరం వెడల్పు) 98, 100, 102. ట్రాకింగ్‌తో అక్షరాలు ఎడం చేయడం తెలుగులో అసలు పనికిరాదు. అప్పటికీ ఖాళీలు మిగిలిన పేరాలో ఒక మాట మార్చండి, లేదా ఎడమ వైపుకే సర్దండి. మాట విరవక తప్పకపోతే ‘విశ్వ-విద్యాలయం’ అని విరవండి. ‘విశ్వవి-ద్యాలయం’ దగ్గర చదివేవారి కన్ను తట్టుకుంటుంది.

అక్షరాల పని:

ఫాంట్ల మాట. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్, యూనికోడ్ మ్యాటర్ కలపకండి. పాత పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు కాబట్టి డీటీపీ సెంటర్లలో అను పాతుకుపోయింది. కానీ అందులో వత్తు వేరే అక్షరంగా ఉంటుంది, ఎడం పెంచగానే పక్కకు జరుగుతుంది. పైగా ఆ పీడీఎఫ్ నుంచి మ్యాటర్ కాపీ చేస్తే ఇంగ్లిష్ గుర్తుల గందరగోళం వస్తుంది, వెతకడం కుదరదు. విద్యార్థి పత్రిక పాత సంచికలు పదేళ్ల తర్వాత ఎవరికైనా దొరకాలంటే యూనికోడే దారి.

ఉచితంగా దొరికేవాటిలో బాడీకి మండలి బాగుంటుంది. పత్రికల కోసం గీసిన అక్షరం. అయితే అందులో రెగ్యులర్ ఒక్కటే ఉంది. బోల్డ్ బటన్ ఉన్న ప్రోగ్రాంలో దాన్ని లావు చేస్తే అక్షరం కడుపు పూడిపోతుంది. ఇంట్రోకు, ఫొటో కింది వ్యాఖ్యకు లావు అక్షరం కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు లేదా అనేక్ తెలుగు తీసుకోండి, రెండింటిలోనూ చాలా మందాలు ఉన్నాయి. బ్యానర్‌కు, అంటే పెద్ద హెడ్డింగుకు, రామభద్ర. పత్రిక మొత్తానికి రెండు ఫాంట్లు చాలు. మూడోది మాస్ట్‌హెడ్‌కు (పత్రిక పేరుండే చోటుకు) మాత్రమే.

ఇంకొకటి. ‘సాఫ్ట్‌వేర్’, ‘వెబ్‌సైట్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని నాన్-జాయినర్ అనే గుర్తు ఉండాలి. కాపీ పేస్ట్‌లో అది పోతే ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. ప్రూఫ్ చూసేవారు ప్రత్యేకంగా దీనికోసమే ఒక దఫా చూడాలి.

క్యాంపస్ పత్రిక బృందం:

కంపోజర్ మార్చగానే వత్తులు కలిశాయి, చాలా థ్యాంక్స్. 4 కాలమ్‌లు కూడా బాగున్నాయి. ఇప్పుడు బ్యానర్ దగ్గర చిక్కు. రెండు వరుసల హెడ్డింగును ఎర్ర పట్టీలో తెల్ల అక్షరాలతో పెడితే కింది వత్తులు పట్టీ అంచుకు తగులుతున్నాయి. కవర్ ఫొటో కూడా మసగ్గా ఉంది.

పేజినేషన్ డెస్క్:

పట్టీలో అక్షరం మధ్యలో ఉందో లేదో కంటితోనే చూడాలి, సాఫ్ట్‌వేర్ ‘సెంటర్’ నమ్మొద్దు. హెడ్డింగు 48 పాయింట్లు అయితే లీడింగ్ 60 నుంచి 62. కింది వరుసలో వత్తులుంటే పట్టీకి పైకన్నా కింద కనీసం 10 పాయింట్ల చోటు ఎక్కువ ఇవ్వండి. హెడ్డింగు కింద గీత వద్దు, అది వత్తుల మెడ కోస్తుంది. రెండు వరుసలుగా విరిచేటప్పుడు మొదటి వరుసలో వత్తులు తక్కువున్న మాటలు వచ్చేలా చూస్తే లీడింగ్ ఇంకాస్త దగ్గరగా పెట్టుకోవచ్చు. ‘మెస్ బిల్లు పెరిగింది, కూర తగ్గింది’ లాంటి హెడ్డింగు ‘విద్యార్థుల భోజన వసతుల్లో అవ్యవస్థ’ కన్నా పేజీ మీద చక్కగా కూర్చుంటుంది. చదవడానికీ అదే మేలు.

కవర్‌కు ఒక్క ఫొటో, ఒక్క హెడ్డింగు, రెండు మూడు పాయింటర్లు (లోపలి కథనాల సూచనలు) పేజీ నంబర్లతో. మాస్ట్‌హెడ్‌కు 12 వరుసలు, అంటే 59 మి.మీ. వదిలి, మిగతా 66 వరుసల్లో మూడింట రెండు వంతులు ఫొటోకు ఇవ్వండి. ఖాళీ కంచం, చెయ్యి, గరిటె దగ్గరగా తీసిన ఫొటో చాలు. పదిహేను మంది వరుసలో నిలబడ్డ ఫొటోలో ఎవరి మొహమూ కనబడదు. మాస్ట్‌హెడ్ స్థానం మాత్రం సంచిక సంచికకూ మార్చకండి. తేదీ, సంపుటి, సంచిక సంఖ్య దాని కిందే సన్న పట్టీలో ఉండాలి. కంప్యూటర్ ముందు కూర్చోక ముందే ఏ4 కాగితం మీద పెన్సిల్‌తో మూడు డమ్మీలు గీయండి, ఒక్కోటి పది నిమిషాల్లో అయిపోతుంది.

ఆఫ్‌సెట్ ప్రెస్:

ఫొటో మసకకు కారణం వాట్సాప్ అయి ఉంటుంది. మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదిస్తుంది. మీ 4 కాలమ్‌ల వెడల్పు 267 మి.మీ., అంటే పదిన్నర అంగుళాలు. 1600ను దానితో భాగిస్తే అంగుళానికి 152 పిక్సెళ్లే. న్యూస్‌ప్రింట్‌కైనా 200, మ్యాప్‌లితో అనే తెల్ల కాగితానికి 300 ఉంటే మంచిది. అదే ఫొటో రెండు కాలమ్‌లకు, 131 మి.మీ.కు వేస్తే 310 వస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. కవర్ ఫొటోను డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

బాడీ అక్షరాలు నలుపు 100 శాతం మాత్రమే ఉండాలి. వర్డ్ నుంచి తెచ్చిన నలుపు ఆర్‌జీబీలో (తెర రంగుల్లో) ఉండి నాలుగు రంగులుగా విడిపోతుంది. ప్లేట్లు వెంట్రుక వాసి జరిగినా అక్షరం చుట్టూ రంగుల నీడ పడుతుంది. ఎగుమతికి ముందు సెపరేషన్స్ ప్రివ్యూలో (ఏ రంగు ఎక్కడ పడుతుందో చూపే ప్యానెల్‌లో) నలుపు ప్లేటు ఆపి చూడండి, బాడీ మొత్తం మాయం కావాలి. ఫొటోల్లో మొత్తం ఇంకు న్యూస్‌ప్రింట్‌కు 240 శాతం దాటకూడదు. కాగితం ఇంకు పీల్చి మధ్య ఛాయలు ముదురుతాయి కాబట్టి తెర మీద కొంచెం వెలిసినట్టు కనిపించేదే అచ్చులో సరిగ్గా వస్తుంది. ఎర్ర పట్టీలో తెల్ల అక్షరం 12 పాయింట్ల కన్నా చిన్నది వద్దు, వత్తులు ఇంకుతో పూడిపోతాయి.

8 పేజీలంటే రెండు ఏ2 షీట్లు. బయటి షీట్ ఒక వైపు 8, 1. రెండో వైపు 2, 7. లోపలి షీట్ మీద 6, 3, 4, 5. రంగులు 1, 8 పేజీలకు పెట్టుకోవడం సరైన లెక్క, ఒక్క వైపే నాలుగు ప్లేట్లు పడతాయి. 1, 3 పేజీలకు అడిగి ఉంటే రెండు షీట్ల మీద రంగులు వేయాల్సి వచ్చేది. రెండు పేజీల మీదుగా పరిచే ఫొటో ఏదైనా ఉంటే 4, 5లోనే పెట్టండి, మిగతా చోట్ల షీటు మారి ఫొటో అతకదు. పేజీలను జతలుగా కాకుండా ఒకటి నుంచి ఎనిమిది వరకు విడివిడిగా అచ్చు కోసం ఉన్న పీడీఎఫ్/ఎక్స్-4లో పంపండి, జతలు ప్రెస్‌లోనే కడతారు. ఓపెన్ ఫైల్ పంపితే అక్కడి మెషిన్‌లో మీ ఫాంటు లేనప్పుడు అక్షరాలు మారిపోతాయి.

చివరి ప్రూఫ్‌ను అసలు సైజులోనే తీయించండి. ఏ3 ప్రింటర్ లేకపోతే పేజీని సగానికి విడగొట్టి రెండు ఏ4లపై తీసి అతికించినా చాలు, కానీ ‘ఫిట్ టు పేజ్’ టిక్ తీసేయండి. 10.5 పాయింట్ల అక్షరం చేతిదూరంలో ఎలా ఉంటుందో తెర మీద తెలియదు.

క్యాంపస్ పత్రిక బృందం:

హెడ్డింగు లీడింగ్ 62 పెట్టి, పట్టీ కింద చోటు పెంచాం, సరిపోయింది. ఫొటో అసలు ఫైల్ తెప్పిస్తున్నాం. సెపరేషన్స్‌లో చూస్తే నాలుగో పేజీ బాడీ నాలుగు రంగుల్లో ఉంది. దాన్ని ఇప్పుడే మారుస్తున్నాం.