ఆఫీసులో "మీ ఇండియా గురించి చెప్పు" అన్నారు. పది నిమిషాల్లో ఏం చెప్పాలి?

స్టుట్‌గార్ట్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. నాది నిజామాబాద్. జర్మనీకి వచ్చి మూడు నెలలైంది. మా టీంలో నెలకొకరు తమ దేశం గురించి పది నిమిషాలు మాట్లాడతారు. వచ్చే శుక్రవారం నా వంతు. ఇదివరకు పోర్చుగల్ అతను, టర్కీ ఆవిడ చాలా బాగా చెప్పారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. తాజ్‌మహల్, యోగా, దీపావళి, బిర్యానీ అని నాలుగు స్లైడ్లు చేశాను. ఎవరో టూరిస్టు చేసినట్టున్నాయి.

పోయిన వారం కాఫీ దగ్గర ఒకాయన "మీరు ఇంట్లో మాట్లాడేది హిందీయే కదా?" అన్నాడు. తెలుగు అన్నాను. "అది హిందీలో ఒక యాసా?" అన్నాడు. కాదన్నానే గానీ ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన దేశం అంటే నాకు చాలా గర్వం, కానీ అది మాటల్లో రావడం లేదు. ఇంత పెద్ద దేశాన్ని పది నిమిషాల్లో ఎట్లా చెప్పాలి? ముందు నుంచి ఇక్కడ ఉన్నవాళ్లు సలహా ఇవ్వండి.


మ్యూనిక్ నుంచి:

తినేది ఏదైనా తీసుకెళ్లండి బ్రదర్. సకినాలుంటే మరీ మంచిది. అయితే లోపల ఏమేం వేశారో చీటీ రాసి పక్కన పెట్టండి. నువ్వులు, పల్లీలు పడనివాళ్లు ఇక్కడ ఉంటారు. మాటల సంగతి ఎస్లింగెన్ అక్క చెబుతారు.


ఎస్లింగెన్ నుంచి:

తమ్ముడూ, నాది నెల్లూరు. ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్లు. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదువు.

నేను వచ్చిన ఏడాది నన్నూ ఇలాగే మాట్లాడమన్నారు. దేశం మొత్తం చూపించాలనే తపనతో మ్యాపు పెట్టి, ఒక్కో రాష్ట్రానికి ఒక నాట్యం, ఒక చీర, ఒక వంటకం చొప్పున స్లైడ్లు చేసుకెళ్లాను. అందరూ మర్యాదగా విన్నారు, చప్పట్లు కొట్టారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంటికొచ్చాక అర్థమైంది, నేను చూపించిన వాటిలో సగానికి పైగా నేనే కళ్లారా చూడలేదు.

మరుసటి ఏడాది మా ఊరి రొట్టెల పండుగ ఒక్కటే చెప్పాను. నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా ఉంది. పన్నెండు మంది అమరుల సమాధులు అక్కడ ఉన్నాయి. మొహర్రం రోజుల్లో జనం నెత్తి మీద కొంగో రుమాలో కప్పుకుని ఆ చెరువు నీళ్లలోకి దిగుతారు. చేతిలో రొట్టె. ఒకరు "ఉద్యోగం రొట్టె" అని పిలుస్తారు, ఇంకొకరు "పెళ్లి రొట్టె" అంటారు, మరొకరు "సంతానం రొట్టె", "ఇల్లు రొట్టె", "చదువు రొట్టె" అంటారు. పోయిన ఏడాది కోరిక తీరినవాళ్లు అదే రొట్టె చేసుకొచ్చి, ఈ ఏడాది అదే కోరికతో నిలబడ్డవాళ్లకు ఇస్తారు. పుచ్చుకున్నవాళ్లు అక్కడే నీళ్లలో నిలబడి తింటారు. వాళ్ల కోరిక తీరితే మళ్లీ రొట్టెతో వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి.

నేను డిగ్రీ అయిపోయిన ఏడాది మా అమ్మ నన్ను తీసుకెళ్లింది. నాకు ఉద్యోగం రొట్టె ఇచ్చినావిడ బురఖాలో ఉంది. ఆవిడ పేరు తెలియదు, ఊరు తెలియదు. రొట్టె నా చేతిలో పెట్టి "వస్తుందమ్మా, తిను" అంది. రెండేళ్ల తర్వాత నేను రొట్టెతో వెళ్లి నిలబడితే, మెడలో శిలువ గొలుసు ఉన్న ఒక అబ్బాయి వచ్చి తీసుకున్నాడు. దర్గా ముస్లింలది, నీళ్లలో ఉన్నవాళ్లు అన్ని మతాలవాళ్లు. ఎవరూ ఎవరినీ నువ్వెవరని అడగరు. ఏ రొట్టె అనే అడుగుతారు.

ఇది చెప్పినప్పుడు మా మేనేజర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అరగంట ప్రశ్నలు అడిగారు. అందుకే అంటున్నా, మీ వీధితో మొదలుపెట్టు. మీ జిల్లాలో బోధన్ దాటి కాస్త పోతే మహారాష్ట్ర. తెలుగు, ఉర్దూ, మరాఠీ, తండాల్లో లంబాడీ, ఇన్ని మాటల మధ్య పెరిగినవాడివి నువ్వు. లంబాడీకి సొంత లిపి లేదు. తెలంగాణలో తెలుగు అక్షరాల్లో, కర్ణాటకలో కన్నడ అక్షరాల్లో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాసుకుంటారు. ఆ సంగతి చెబితే మీ కాఫీ దగ్గర పెద్దమనిషి యాస అనే మాట మళ్లీ ఎత్తడు.

భాష గురించి చెప్పడానికి స్లైడు కూడా అక్కర్లేదు. ఒక వంద రూపాయల నోటు తీసుకెళ్లు. వెనక వైపు వరసగా 15 భాషల్లో దాని విలువ రాసి ఉంటుంది. హిందీ, ఇంగ్లీషు వేరుగా ఉంటాయి కాబట్టి మొత్తం 17. కింద నుంచి రెండోది మన తెలుగు, దాని కింద ఉర్దూ. చేతికిచ్చి ఎన్ని రకాల అక్షరాలున్నాయో లెక్కపెట్టమను. నేను చూసినంతలో, రోజూ ఒకే లిపి వాడే జనానికి ఇంతకన్నా తేలిగ్గా అర్థమయ్యేది లేదు.

హిందీ మన జాతీయ భాష అని ఎవరైనా అంటే, రాజ్యాంగంలో అలా లేదని నెమ్మదిగా చెప్పు. కేంద్ర ప్రభుత్వానికి హిందీ అధికార భాష, దానితో పాటు ఇంగ్లీషు వాడతారు. రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా, అంటే ఎనిమిదో షెడ్యూలులో ఇప్పుడు 22 భాషలున్నాయి. 1950లో 14 ఉండేవి. మిగతావి అడిగి సాధించుకున్నవి. చివరగా 2003 సవరణతో బోడో, డోగ్రీ, మైథిలీ, సంతాలీ చేరాయి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 8 కోట్ల పైనే. దాదాపు జర్మనీ జనాభా అంత అని చెబితే చాలు, వాళ్లే లెక్క వేసుకుంటారు. మా జిల్లాకు పేరిచ్చిన పొట్టి శ్రీరాములు గారు తెలుగువాళ్లకు రాష్ట్రం కావాలని నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న మద్రాసులో ప్రాణాలు వదిలారు. ఆ మరుసటి అక్టోబర్‌లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. భాష కోసం అంత దూరం వెళ్లిన మనిషి ఊరి నుంచి వచ్చాను అని చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

వాళ్లకు తెలిసిన దానితో ముడిపెట్టడం మరిచిపోకు. చిన్న రొట్టెను మీ స్టుట్‌గార్ట్‌లో వెక్లె అంటారు, మ్యూనిక్‌లో సెమ్మెల్, బెర్లిన్‌లో ష్రిప్పె. మనం వేరుశనగను ఒకచోట పల్లీలంటాం, ఒకచోట శనక్కాయలంటాం, రాయలసీమలో బుడ్డలంటాం. ఇది ఒక భాష లోపలి తేడా. హిందీకి, తెలుగుకి ఉన్నది ఇది కాదు, అవి వేరే భాషా కుటుంబాలు. తూర్పు జర్మనీలో బౌట్సెన్ వైపు వెళ్తే వీధి పేర్లు రెండు భాషల్లో కనిపిస్తాయి, రెండోది అక్కడ ఉండే సోర్బులు అనే చిన్న జాతిది, స్లావిక్ భాష. జర్మన్‌కి, దానికి ఎంత దూరమో చూడండి అంటే వెంటనే పట్టుకుంటారు.

ఇంకో సంగతి మా మలయాళీ స్నేహితురాలు చెబితే తెలిసింది. మలయాళానికి పెద్ద నిఘంటువు రాసిన హెర్మన్ గుండర్ట్ పుట్టింది మీ స్టుట్‌గార్ట్‌లోనే, 1814లో. కేరళలోని తలశ్శేరిలో ఏళ్ల తరబడి ఉన్నాడు. నిఘంటువు 1872లో వచ్చింది. రచయిత హెర్మన్ హెస్సే ఆయనకు మనవడు, కూతురి కొడుకు. కన్నడ నిఘంటువు రాసిన కిట్టెల్ కూడా జర్మనే. మన తెలుగు పుస్తకాలు మొట్టమొదట అచ్చయింది కూడా ఈ దేశంలోనే. 1740లలో హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ వేయించాడు. మత ప్రచారం కోసం వచ్చినవాళ్లే, ఆ మాటా చెప్పు. వచ్చి మన అక్షరాలు దిద్దుకున్నారు. నేను హాలే వెళ్లినప్పుడు ఆ వీధుల్లో నడుస్తూ "ఇక్కడ మన అచ్చక్షరాలు పోశారు" అని మా పిల్లలకు చెప్పాను.

మనకు తెలియనిది అడిగితే తెలియదనేసెయ్. ఇండియన్లంతా శాకాహారులా అని అడుగుతారు. బెంగాలీల పెళ్లిలో పెళ్లికూతురి ఇంటికి చేపను అలంకరించి పంపుతారని నేను మా బెంగాలీ సహోద్యోగినిని అడిగి తెలుసుకున్నాకే చెప్పాను. నాగాలాండ్ గురించి అడిగితే అక్కడివాళ్లను అడిగి చెబుతానన్నాను.

కులం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. మొదటిసారి అడిగినప్పుడు "అదంతా పాతకాలం" అని దాటేశాను. పక్కనే మన దేశం అమ్మాయి ఒకతె ఉంది, ఆమె ముఖం చిన్నబోయింది. తర్వాత మెట్ల దగ్గర చెప్పింది, తన చిన్నప్పుడు వాళ్లను ఊళ్లో గుడి లోపలికి రానిచ్చేవాళ్లు కాదట. నాకన్నా చిన్నది ఆమె. ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటి నుంచి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది, దాని ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు అంబేడ్కర్, అయినా ఊళ్లలో వివక్ష పోలేదు, దాంతో పోరాడేవాళ్లు రోజూ పోరాడుతున్నారు. ఇది చెప్పాక కూడా నా దేశం మీద నాకు ప్రేమ రవ్వంత తగ్గలేదు. దాచిపెట్టినప్పుడే లోపల ఏదో గుచ్చుకునేది.


హాంబర్గ్ నుంచి:

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒక్క మాట కలుపుతా. మాది ఉట్నూరు దగ్గర గూడెం. మేము గోండులం. మన గ్రూపులో అందరూ "మన తెలుగువాళ్లం" అంటుంటే నేనూ అంటాను, అందులో నాకు బాధ లేదు. కానీ నా మాతృభాష తెలుగు కాదు, గోండి. బడికి పోయిన మొదటి రోజు సారు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగు నేను బడిలో నేర్చుకున్నది, తర్వాత ప్రేమించినది.

తమ్ముడూ, మీ నిజామాబాద్‌కు మేము దూరం కాదు. మా గురించి కూడా ఒక నిమిషం చెప్పు. గోండి, తెలుగు ఒకే కుటుంబం. మేము నీళ్లను ఏర్ అంటాం. మీరు పారే నీళ్లను ఏరు అంటారు. మా జిల్లాలో గుంజాల అనే ఊళ్లో గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు దొరికాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు ఫోన్లో టైపు చేసే దారి ఏర్పడింది. ఆ వార్త తెలిసిన రోజు మా బాపుకు ఫోన్ చేసి గట్టిగా అరిచాను.

కెస్లాపూర్‌లో నాగోబా జాతర పుష్య అమావాస్యకు జరుగుతుంది. మెస్రం వంశంవాళ్లు కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెచ్చి పూజ చేస్తారు. ఆ జాతరలో దర్బారు పెడతారు, అధికారులు వచ్చి మా సమస్యలు వింటారు. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చాక, నిజాం ప్రభుత్వం మా సంగతి తెలుసుకోవడానికి పంపిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ కాలంలో ఈ దర్బారు మొదలైంది. ఆయన పుట్టింది వియన్నాలో, మీ ఆఫీసువాళ్లు మాట్లాడే జర్మనే ఆయన భాష. ఆయన భార్య సమాధి మార్లవాయిలో ఉంది. మావాళ్లు ఇప్పటికీ అక్కడ పూలు పెడతారు.


ఎస్లింగెన్ నుంచి:

తమ్ముడూ, ఇన్నాళ్లు ఒకే గ్రూపులో ఉండి ఈ సంగతి అడగనందుకు మన్నించు. మా పిల్లలకు "ఏర్" ఈ రాత్రే చెప్పాను. ఈసారి సెలవుల్లో ఊరు వెళ్లినప్పుడు కెస్లాపూర్ చూపించే బాధ్యత నీది.


స్టుట్‌గార్ట్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ చాలా థ్యాంక్స్. స్లైడ్లు తీసేశాను.

నిన్న అమ్మకు ఫోన్ చేసి మన వీధిలో ఎవరెవరు ఏ భాష మాట్లాడతారని అడిగాను. పైఅంతస్తులో ఉండే టీచరమ్మ వాళ్లది మరాఠీ. ఎదురింటి టైలర్ అంకుల్ వాళ్లది ఉర్దూ, రంజాన్‌కు వాళ్ల ఇంటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె వస్తుంది, దసరాకు జమ్మి ఆకు మా నాన్న పట్టుకెళ్లి ఆయన చేతిలో పెడతాడు. బతుకమ్మకు గునుగు పూలు, తంగేడు పూలు తెచ్చి ఇచ్చే ఆవిడ తండా నుంచి వస్తుంది. ఇరవై ఏళ్లుగా వస్తోంది. పువ్వును వాళ్ల భాషలో ఏమంటారో మా అమ్మకు తెలియదు, నాకూ తెలియదు. ఈసారి వస్తే అడుగుతానంది అమ్మ, శుక్రవారం లోపే అడగమన్నాను.

వంద నోటు పాత పర్సులో దొరికింది. హాంబర్గ్ అన్నా, "ఏర్" నేను సరిగ్గా పలకాలి. ఒకసారి వాయిస్ మెసేజ్ పెడతారా?


హాంబర్గ్ నుంచి:

పెట్టాను, విను. మా అమ్మ గొంతుతో పెట్టించాను.