నాస్ నుంచి యూఎస్‌బీ డిస్క్‌కు బ్యాకప్ ఎందుకింత నెమ్మది?

ప్రశ్న: మా నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపిన ఫైళ్ల నిల్వ పెట్టె)లోని 2 టీబీ ఫోటోలను వారానికోసారి ల్యాప్‌టాప్‌కు తగిలించిన యూఎస్‌బీ డిస్క్‌లోకి వైఫై మీదుగా కాపీ చేస్తుంటే, వేగం సెకనుకు 12 ఎంబీ దాటక దాదాపు రెండు రోజులు పడుతోంది. మార్గం చెప్పగలరా?

జవాబు 1: డిస్క్‌ను నేరుగా నాస్‌కే తగిలించండి, వైఫై ప్రసక్తే ఉండదు. అయితే ఆ పోర్టు యూఎస్‌బీ 3.0 అయి ఉండాలి, 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లని (అంటే 60 ఎంబీ) రాసి ఉన్నా, ఆచరణలో సెకనుకు 40 ఎంబీ దాటడం అరుదు.

జవాబు 2: పోర్టు సంగతి సరే కానీ, ప్రతి వారం మొత్తం కాపీ చేయడమే అసలు లోపమని నా అభిప్రాయం. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్ వాడితే కొత్తవీ మారినవీ మాత్రమే వెళ్తాయి. డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్క్ ఫార్మాట్)లో ఉంటే, లైనక్స్ ఆధారిత నాస్‌లలో రాత నెమ్మదించవచ్చు. విండోస్‌లో తెరవనక్కర లేకపోతే ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫార్మాట్) మేలు, అయితే అలా ఫార్మాట్ చేస్తే పాత బ్యాకప్ పోతుంది.

అడిగినవారు: మా నాస్ ముందు పోర్టు 3.0యే. ఆర్‌సింక్‌తో మొదటి కాపీ ఈ రాత్రే మొదలుపెడతాను.