అప్‌డేట్: మిల్లీమీటర్ తరంగాలకు క్లిస్ట్రాన్ ఎందుకు చాలదు?

భీమవరంలో మా కళాశాల ల్యాబ్‌లోని రిఫ్లెక్స్ క్లిస్ట్రాన్‌ను (ఎలక్ట్రాన్ పుంజంతో మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే నిర్వాత గొట్టం) చూసి, అదే పద్ధతిలో మిల్లీమీటర్ తరంగాలనూ భారీ శక్తితో ఎందుకు పుట్టించలేమని ఇక్కడ అడిగాను. మీ జవాబులు చదివి లెక్కలు కట్టాక విషయం తేలింది.

క్లిస్ట్రాన్ కుహరం (లోపల తరంగం కంపించే లోహపు గది) తరంగదైర్ఘ్యంతో పాటే కుంచించుకుపోతుంది కనుక, 100 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే 3 మిల్లీమీటర్ల తరంగానికి, పుంజం దూరే రంధ్రం మరీ సన్నబడి, భారీ శక్తి వల్ల పుట్టే వేడిని గోడలు తట్టుకోలేవు. జైరోట్రాన్ అనే మరో రకం గొట్టంలో మాత్రం పౌనఃపున్యాన్ని ప్రధానంగా నిర్ణయించేది అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు సుడి తిరిగే వేగం (క్షేత్ర బలం ఒక్కో టెస్లాకు సుమారు 28 గిగాహెర్ట్జ్, సాపేక్షత వల్ల కొంత తక్కువ). అందువల్ల కుహరం తరంగదైర్ఘ్యానికి ఎన్నో రెట్లు పెద్దదిగా ఉండవచ్చు. ఆ సాపేక్షతను చిన్న సవరణగా కొట్టిపారేయకూడదు, ఎలక్ట్రాన్లు గుంపు కట్టి తరంగానికి శక్తినివ్వడానికి మూలం అదే.

ఐటర్ (ఫ్రాన్స్‌లో నిర్మిస్తున్న అంతర్జాతీయ కేంద్రక సంలీన రియాక్టర్) కోసం రూపొందించిన జైరోట్రాన్లు 170 గిగాహెర్ట్జ్ వద్ద ఒక్కొక్కటి ఒక మెగావాట్ స్థాయి శక్తినిస్తాయి. వాటికి అతివాహక (సూపర్‌కండక్టింగ్) అయస్కాంతం కావాలి కాబట్టి, మా ల్యాబ్‌లో ప్రస్తుతానికి కంప్యూటర్ అనుకరణతోనే సరిపెట్టుకుంటున్నాము.