కథల్లోని పాత్రల మీద మనసు పడిన వయసు: మీ అనుభవాలు చెప్పండి

తెల్లకాగితం:
మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఒక యానిమేషన్ సీరియల్‌లోని కత్తియోధుడంటే తనకు ఇష్టమని నెల క్రితం నాతో చెప్పి, ఆ వెంటనే ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ వయసులో నాకు కూడా ఒక నవలానాయకుడి మీద అలాంటి ఇష్టమే ఉండేది. మా అన్నయ్య నా నోటుపుస్తకం చివరి పేజీని చుట్టాలందరి ముందు గొంతు మార్చి చదివి వినిపించిన రోజు నుంచి నేను మనసులోని మాట ఏదీ కాగితం మీద పెట్టలేదు. మీకు ఈ ఇష్టం ఏ వయసులో మొదలైంది, ఎప్పుడు పోయింది, అప్పట్లో పెద్దవాళ్లు ఎలా ఉండి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది?

జిగురుసీసా:
నాకు పదకొండో ఏట మొదలైంది. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఒక సముద్రయానపు నవలలో చుక్కాని పట్టే యువకుడి మీద నేను ఎంత మనసు పడ్డానంటే, గడువు ముగిసిన ప్రతిసారీ ఆ పుస్తకాన్ని మళ్లీ నా పేరు మీదే రాయించుకొని ఏడాదిలో తొమ్మిదిసార్లు చదివాను. చివర్లో అతడు తుఫానులో చనిపోతాడు. తొమ్మిదోసారి ఆ చోటు దగ్గర పడుతుండగా నాకు చేతులు ఆడలేదు. లేచి వెళ్లి జిగురు తెచ్చి, 187, 188 పేజీలను ఒకదానికొకటి అంటించి, పైన నిఘంటువు బరువు పెట్టి, మర్నాడు పుస్తకాన్ని తిరిగి ఇచ్చేశాను. నా లెక్కలో అతడు ఇప్పటికీ చుక్కాని దగ్గరే నిలబడి ఉన్నాడు.

మూడోఅల్మారా:
నేను ఇరవై రెండేళ్లుగా గ్రంథాలయంలో పని చేస్తున్నాను కనుక ఈ విషయంలో నాకు కొంత అధికారం ఉందనే అనుకుంటున్నాను. కుడివైపు పేజీకి బేసి సంఖ్య, ఎడమవైపు పేజీకి సరి సంఖ్య వేస్తారు. కాబట్టి 187, 188 అనేవి ఒకే కాగితానికి చెరోవైపు ఉంటాయి. వాటిని ఒకదానికొకటి అంటించడం బ్రహ్మతరం కూడా కాదు. ఈ కథ కల్పితమైనా అయి ఉండాలి, లేదా మీరు చేసిన నష్టం మీకే సరిగా గుర్తులేకపోయి ఉండాలి.

జిగురుసీసా:
188, 189 అయి ఉంటాయి. నేను అతడి కళ్లనే గుర్తుపెట్టుకున్నాను గానీ పేజీల అంకెలను కాదు.

ఒంటిచెప్పు:
మీరు సరదాగా చెబుతున్నారు గానీ నాకు మాత్రం ఒళ్లు మండుతోంది. పద్నాలుగో ఏట నేను ఒక అపరాధపరిశోధక నవల చదువుతూ, అందులో డిటెక్టివుకు సహాయకురాలిగా ఉండే అమ్మాయి కోసమే ప్రతి అధ్యాయం తిప్పుతూ వెళ్లాను. తీరా ఆమె తన మనసులోని మాట చెప్పే పేజీని ఎవరో బ్లేడుతో నీటుగా కోసుకుపోయారు. ఆమె ఏం చెప్పిందో నాకు ఈనాటికీ తెలియదు. పుస్తకం పేరు కూడా మరిచిపోయాను కనుక ఇక తెలిసే దారి లేదు. మీకు ఇష్టమైనంత మాత్రాన అతడి చావును మిగతా పాఠకులకు అందకుండా చేసే హక్కు మీకు ఎవరిచ్చారు?

వానచినుకు:
ఒంటిచెప్పు గారూ, కోసుకుపోవడం వేరు, అంటించడం వేరు. ఆమె చేసింది ప్రాణరక్షణ. 1893లో రచయిత కానన్ డాయిల్ తన డిటెక్టివు షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలోకి తోసి కథ ముగించినప్పుడు పాఠకులు ఊరుకున్నారా? కోపంతో పత్రికకు ఉత్తరాలు రాశారు. పదేళ్లు తిరిగేసరికి, 1903లో, అదే రచయిత అతడు అసలు పడనేలేదని రాయవలసి వచ్చింది. నాకు పదమూడో ఏట ఇష్టం కలిగినది కూడా ఆ హోమ్స్ మీదే. మనుషులను చూడగానే చదివేసే వాడు నన్ను చూస్తే ఏం చదువుతాడోనని, బడికి వెళ్లేటప్పుడు బూట్లకు మట్టి లేకుండా తుడుచుకునేదాన్ని.

మూడోఅల్మారా:
వాళ్లు ఉత్తరాలు రాశారు, ఇతరులు చదవవలసిన ప్రతులకు జిగురు పూయలేదు. ఆ తేడాను మీరు గమనించాలి. జిగురుసీసా గారూ, అది పిండితో చేసిన జిగురా, సీసాలో అమ్మే జిగురా? పిండి జిగురైతే తడి తగిలిస్తే వదులుతుంది. అందుకే పాత పుస్తకాలను బాగుచేసే వాళ్లు ఇప్పటికీ దాన్నే వాడుతారు.

జిగురుసీసా:
నా పేరు చూసి కూడా అడుగుతున్నారా?

రసికశేఖర:
మీరంతా చిన్న విషయం దగ్గర ఆగిపోయారు. నేను అలంకారశాస్త్రం చదువుకున్నవాడిని కనుక అసలు సంగతి చెబుతాను. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో పూర్వరాగం, అంటే కలయికకు ముందే కలిగే ప్రేమ, వినడం వల్ల గానీ చూడడం వల్ల గానీ పుడుతుందని చెప్పి, ఆ చూడడం ఇంద్రజాలంలో కావచ్చు, చిత్రంలో కావచ్చు, ఎదురుగా కావచ్చు, కలలో కావచ్చు అన్నాడు. దమయంతి హంస మాటలు విని నలుణ్ణి వలచింది. ఉష కలలో కనిపించిన వాడి కోసం అలమటిస్తుంటే చిత్రరేఖ ఒక్కొక్కరి బొమ్మే గీసి చూపింది. ఆధునికులు దీన్ని ఏదో కొత్తగా కనిపెట్టినట్టు 1956లో హార్టన్, వోల్ అనే ఇద్దరు పండితులు కల్పిత పాత్రలతో ఏకపక్ష అనుబంధం అంటూ వ్యాసం రాశారు.

నీలిసిరా:
పొరబడ్డారు. ఆ వ్యాసం నేను చదివాను. వారి దృష్టి ప్రధానంగా రేడియోలో, టీవీలో శ్రోతలతో ముఖాముఖి మాట్లాడుతున్నట్టు నటించే వ్యాఖ్యాతల వంటి వారి మీద ఉంది. కల్పిత పాత్రలకు ఆ ఆలోచనను విస్తారంగా అన్వయించినది తరువాతి వాళ్లు. ఇక మీ ఉష ఉదాహరణ కూడా ఇక్కడ అతకదు. చిత్రరేఖ గీసిన బొమ్మకు అవతల అనిరుద్ధుడనే మనిషి ఉన్నాడు, ఆమె వెళ్లి మంచంతో సహా ఎత్తుకువచ్చింది. మన బాధ అంతా అవతల ఎవరూ లేకపోవడమే కదా! నాకు పన్నెండో ఏట ఒక బొమ్మల కథలోని వైమానికుడంటే ప్రాణం. అతడు మూడు రంగుల సిరా చుక్కలు మాత్రమేనని భూతద్దంతో చూసి తెలుసుకున్న రోజు సాయంత్రం ఏడ్చాను. ఆ తరువాత కూడా ఇష్టం పోలేదు, అదే విచిత్రం.

రసికశేఖర:
శాస్త్రం తెలియని వారితో వాదం పెట్టుకోకూడదని మా గురువుగారు ముందే చెప్పారు.

ఒంటిచెప్పు:
శాస్త్రం తెలిసిన మీరు ఎవరి మీద మనసు పడ్డారో మాత్రం ఇంతవరకు చెప్పలేదు.

చీకటితెర:
అందరూ కళ్లు, ముఖం, బొమ్మ అంటున్నారు గనుక ఒక మాట. నాకు మనసులో ఏ దృశ్యమూ కనిపించదు. కళ్లు మూసుకుంటే చీకటే తప్ప అమ్మ ముఖం కూడా రాదు. ఇలాంటి స్థితికి 2015లో ఆడమ్ జెమన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అఫాంటాసియా అని పేరు పెట్టేదాకా, అందరూ నాలాగే ఉంటారని అనుకున్నాను. అయినా పదిహేనో ఏట ఒక నవలలోని వైద్యురాలి మీద నాకు విపరీతమైన ఇష్టం కలిగింది. ఆమె ఎలా ఉంటుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఎదుటివాడి మాట పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి అప్పుడు జవాబు చెప్పే ఆమె అలవాటు మీదే నాకు మోజు. ఇప్పటికీ అలా ఆగే మనిషి ఎదురైతే నాకు మాట తడబడుతుంది.

వానచినుకు:
దీనికి ఏం రాయాలో తెలియక రెండుసార్లు చదివాను.

ముళ్లకిరీటం:
నాకు నాయకులెవరూ నచ్చలేదు. ఒక సీరియల్‌లోని దుష్టరాణి అంటే ఆరాధన ఉండేది. బడిలో ఈ సంగతి తెలిసి తోటిపిల్లలు రెండేళ్లు ఆడిపోసుకున్నారు. ముప్పై దాటాక గానీ నాకు బోధపడలేదు: నేను ఆమెను కోరుకోలేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా గదిలోంచి బయటికి నడిచి వెళ్లే ఆమెలాగా ఉండాలని కోరుకున్నాను. తెల్లకాగితం గారూ, మీ అమ్మాయి కూడా బహుశా కత్తినే ఇష్టపడుతోందేమో అడిగి చూడండి. ఇంకొక మాట, కోపం తెచ్చుకోకండి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసిన విషయాన్ని మీరు ఇంతమంది ముందు పెట్టారు. మీ అన్నయ్య చుట్టాల ముందు చేసిన పనికి, దీనికి తేడా ఏమిటి?

తెల్లకాగితం:
తన పేరు గానీ నా పేరు గానీ ఎక్కడా రాయలేదని సమర్థించుకోబోయాను. కానీ మా అన్నయ్య కూడా ఆ రోజు పేరు చదవలేదు, గొంతు మాత్రమే మార్చాడు. నిన్న రాత్రి అమ్మాయికి విషయం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, జిగురు అంటించిన ఆవిడ చెప్పింది మాత్రం చదివి వినిపించమంది.

మూడోఅల్మారా:
దయచేసి ఆ పద్ధతిని పిల్లలకు నేర్పకండి.

జిగురుసీసా:
అమ్మాయికి చెప్పండి, 188, 189 అని. 187 కాదు.

తెల్లకాగితం:
చెప్పాను. నేను అడిగిన మూడు ప్రశ్నల్లో రెండింటికి ఎవరూ జవాబు ఇవ్వలేదు గానీ, ఇక అవసరం లేదనుకుంటాను. ఈ ఉదయం చూస్తే కత్తియోధుడి బొమ్మ గోడ మీద లేదు. వాడి శత్రువు బొమ్మ ఉంది. దాని గురించి మాత్రం ఇక్కడ రాయనని ఈసారి నిజంగానే ఒట్టు వేశాను, కనుక ఎవరూ అడగవద్దు.