బర్క్‌లీలో ఉన్న గీజా శిలాఫలకం: వెనక్కి ఇవ్వాలా, వద్దా?

రాళ్ళపిచ్చి: కాలిఫోర్నియాలో బర్క్‌లీ హర్స్ట్ మ్యూజియంలో ఒక సున్నపురాయి ఫలకం ఉంది. దాని మీద, ఈజిప్టులో పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు కాలపు రాజకుమారుడు వెపెమ్‌నోఫ్రెట్ చిరుతతోలు కప్పుకుని, రొట్టెముక్కలు నిలబెట్టిన బల్ల ముందు కూర్చుని ఉంటాడు. 4,500 ఏళ్ళు దాటినా రంగులు పోలేదు. బొమ్మల అక్షరాల్లోని పిట్టలకి ఈకలు కూడా కనిపిస్తాయి. పిరమిడ్లున్న గీజాలో జి 1201 నంబరు సమాధి నుంచి అమెరికా పురావస్తు శాస్త్రవేత్త రీస్నర్ తవ్వి తీశాడు. వెనక్కి ఇచ్చేయాలని నేనంటాను.

బేఏరియా_బాబాయ్: దొంగసొత్తులా మాట్లాడకండి. రీస్నర్‌కి పర్మిట్ ఉంది. ఖర్చంతా ఆ మ్యూజియానికి పేరైన సంపన్నురాలు ఫీబీ హర్స్ట్‌ది. దొరికినవాటిలో కైరో వాటా కైరోకి పోగా మిగిలింది తెచ్చుకోవడం అప్పటి పద్ధతి. పిల్లలకి చూపించాను, నోరెళ్ళబెట్టారు.

కొత్తిమీరకట్ట: పర్మిట్ ఇచ్చిందెవరో 🙂

పల్నాటి_పిల్ల: నేనూ అదే అడుగుతున్నా. 1882 నుంచి ఈజిప్టు బ్రిటిష్ వాళ్ళ గుప్పిట్లో ఉంది, పురావస్తు శాఖ ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది. గీజా శ్మశానాన్ని అమెరికా, జర్మనీ, ఇటలీ వాళ్ళు మెనా హౌస్ హోటల్లో చీటీలేసి పంచుకున్నారు. టోపీలోంచి చీటీలు తీసింది రీస్నర్ భార్య. ఇంటివాళ్ళు లేకుండా జరిగిన పంపకాన్ని పద్ధతి అంటారా బాబాయ్ గారూ?

బేఏరియా_బాబాయ్: చీటీల సంగతి సరే అమ్మాయ్. రంగులు నిలిచాయంటే మ్యూజియం చలవే కదా.

రాళ్ళపిచ్చి: తప్పు. సమాధికి మార్పులు చేసినప్పుడు ఫలకం మీద ఇంకో రాయి అడ్డంపెట్టి మూసేశారు. ఎండ, ఇసుక తగల్లేదు. కాపాడింది ఆ రాయి.

బేఏరియా_బాబాయ్: తవ్వాక ఆ రాయి లేదుగా! వందేళ్ళకి పైగా చూసుకుంటున్నది మ్యూజియమే.

రాళ్ళపిచ్చి: 4,500 పక్కన వంద. ముందు రాయి సంగతి ఒప్పుకోండి.

గుంటూరోడు: రాయిని వదలండయ్యా. లండన్‌లో ఉన్న మన అమరావతి శిల్పాల మాటేంటి?

బేఏరియా_బాబాయ్: అమరావతిలోనే ఉండిపోయిన పలకల్ని సున్నం కోసం కాల్చుకున్నారు. మనవాళ్ళ చేతికిస్తే అంతే.

పల్నాటి_పిల్ల: "మనవాళ్ళ చేతికిస్తే అంతే". ఇప్పుడు బయటపడింది. మీ గొడవ ఈజిప్టుతో కాదు, వదిలేసి వెళ్ళిన ఊరితో.

బేఏరియా_బాబాయ్: అవును, ఊరితోనే! మా గుడి దగ్గర శాసనానికి మా తాత ప్రతి పండక్కీ పసుపు రాసేవాడు. భద్రంగా ఉంటుందని చెప్పి పట్నం తీసుకెళ్ళారు. పోయినేడు చూడబోతే పెరట్లో వానలో ఉంది, గోడవైపు తిప్పి ఆనించారు. చెయ్యి వేయబోతే వాచ్‌మన్ కసిరాడు. హక్కు ఎవరిదో నాకెందుకు? చూసుకునేదెవరు, అది చెప్పండి.

పల్నాటి_పిల్ల: ఊళ్ళోంచి తీసుకెళ్ళారనే కదండీ మీ బాధ? గీజా వాళ్ళకి మాత్రం ఉండదా?

కొత్తిమీరకట్ట: 👀

గుంటూరోడు: బాబాయ్, ఫొటో ఉంటే పెట్టండి. చదివేవాళ్ళున్నారు ఇక్కడ.

బేఏరియా_బాబాయ్: ఉంది కానీ రాయి వీపే పడింది. ఒక్క అక్షరం కనపడదు.

రాళ్ళపిచ్చి: అయితే అక్షరాలకి వాన తగల్లేదు. పొద్దుట్నుంచీ నేను చెప్తున్నది అదే.